బొటనవేళ్ళకూ చదువు చెప్పండి: ఫిజియోథెరపీ కాలేజీల అధ్యాపకులకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫిజియోథెరపీ కాలేజీల్లో పాఠాలు చెబుతున్న సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మన ఊళ్ళల్లో దాని అర్థమేమిటో మీకు చెప్పక్కర్లేదు. నాకు ఐదేళ్ళు వచ్చేసరికే మా వీధిలో ఎవరికి నడుం పట్టేసినా కబురు మా ఇంటికే వచ్చేది. నిద్రమొహంతో ఉన్న నన్ను మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. నేల మీద బోర్లా పడుకున్న పెద్దాయన నడుం మీద మూడుసార్లు తొక్కాలి. తొక్కినందుకు బెల్లంముక్క. లేచినవాళ్ళు "పిల్లగాని కాలు మంచిది" అని మెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఆలోచిస్తే, అవి ఎలాగూ నాలుగైదు రోజుల్లో సర్దుకునే నడుములే. పదిహేను కిలోల పిల్లాడు తొక్కితే వాటికి పోయేదేమీ లేదు, కాస్త హాయి కూడా ఉండి ఉంటుంది.

ఆ తర్వాత బి.పి.టి., అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివాను. ఇరవై రెండేళ్ళుగా నల్గొండ జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో రెండు టేబుళ్ళ క్లినిక్ నడుపుతున్నాను. ఏటా మీ కాలేజీల నుంచి ఇద్దరో ముగ్గురో పిల్లలు పని నేర్చుకుంటామని వచ్చి కొన్ని నెలలు ఉంటారు. ఈ ఉత్తరం వాళ్ళ గురించి, వాళ్ళ చేతులకు అందని చదువు గురించి. వాళ్ళ తప్పులెన్నడానికి రాయడం లేదు. వాళ్ళు నాకంటే బాగా చదువుకున్నారు. ఇంటర్నెట్‌లో పరిశోధనా పత్రం వెతికి పట్టుకోవడం నాకు నేర్పింది వాళ్ళే.

పోయినేడు వచ్చినమ్మాయి సంగతి చెబుతాను. చురుకైన పిల్ల. వెన్నుపూసల పేర్లు, వాటికి అంటుకున్న కండరాలు, వాటికి వెళ్ళే నరాలు గడగడా చెబుతుంది. ఒక రోగిని బోర్లా పడుకోబెట్టి, నడుములో నాలుగో పూస పట్టుకోమన్నాను. రెండు పక్కలా తుంటి ఎముకల పై అంచులు చూసుకుని, వాటిని కలిపే గీత దగ్గర వేలు పెట్టింది. సరిగ్గానే పెట్టింది. "మెల్లగా నొక్కి, పైపూసకూ కిందిపూసకూ తేడా ఏముందో చెప్పమ్మా" అన్నాను. కాసేపు నొక్కి, నా మొహం చూసి, "ఏముండాలి సార్?" అంది.

ఏముంది అని నేనడిగితే ఏముండాలి అని ఆ పిల్ల అడిగింది. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ పిల్ల వేలికి ఏదో తెలుస్తూనే ఉంది. కానీ నాలుగేళ్ళ చదువులో ఆ వేలిని ఎవరూ ఏమీ అడగలేదు. పుస్తకంలో ఏముండాలో అది చెప్పడమే పరీక్ష అయింది.

మాన్యువల్ థెరపీ, అంటే చేతులతో చేసే చికిత్స, అనగానే జనానికి ఏదో నొక్కడం, విరవడం గుర్తొస్తుంది. మన వృత్తిలోనే చాలామందికి అదే గుర్తొస్తోంది. అందులో సగం పని తెలుసుకోవడమేనని ఈ ఉత్తరం చదివే మీకు నేను చెప్పడం హాస్యాస్పదమే. అయినా చెబుతాను, ఎందుకంటే మీ కాలేజీల నుంచి వచ్చే పిల్లల చేతుల్లో అది కనబడడం లేదు.

లండన్‌లో జేమ్స్ సిరియాక్స్ అనే డాక్టర్ "ఎండ్ ఫీల్" అన్నమాట మనకిచ్చి వెళ్ళాడు. కీలును ఆఖరుదాకా తీసుకెళ్తే అంచు దగ్గర చేతికి ఏం తగులుతుందన్నది దాని అర్థం. మోచెయ్యి చాపితే టక్కుమని ఎముకకు ఎముక ఆనుతుంది. మోకాలు మడిస్తే పిక్క తొడకు మెత్తగా తగులుతుంది. భుజాన్ని బయటికి తిప్పితే కొత్త తోలుచెప్పు సాగినట్టు సాగి ఆగుతుంది. ఆ తోలు సాగుడు రావలసిన చోటుకంటే ఎంతో ముందే వచ్చేస్తే, షుగరున్న మనిషి భుజం బిగుసుకుంటోందని చేతికి తెలిసిపోతుంది. ఇవన్నీ పిల్లలకు వచ్చు. కానీ ఆఖరిది, మన చేతికి ఏ అడ్డూ తగలకముందే రోగి "అమ్మో, వద్దు" అని ఆపేసే అంచు, దాని గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. చేతికి ఏమీ తగలకపోవడమే అక్కడ ప్రమాద సంకేతం. లోపల విరిగిందో, చీముందో, గడ్డ ఉందో అనుకుని అక్కడ చెయ్యి తీసెయ్యాలి. దీన్ని ఒక్కసారైనా చేత్తో చూసినవాడు జన్మలో మర్చిపోడు. చదివినవాడు పరీక్ష మర్నాడు మర్చిపోతాడు.

ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ అనే ఫిజియో, కీలును చేత్తో ఎంత కదిలించాలో చెప్పే గ్రేడ్లూ అంతే. ఒకటో గ్రేడు మొదట్లోనే చిన్న కదలిక, రెండు అడ్డు తగలకుండా పెద్ద కదలిక, మూడు అడ్డులోకి వెళ్ళేంత పెద్దది, నాలుగు ఆ అంచు దగ్గరే చిన్నది. నొప్పి ఎక్కువుంటే మొదటి రెండూ, బిగుతు ఎక్కువుంటే తర్వాతి రెండూ. ఏ విద్యార్థిని అడిగినా ఇది చెబుతాడు. "సరే, ఈ పెద్దమ్మ వెన్ను మీద రెండో గ్రేడు చెయ్యి" అంటే మాత్రం బొటనవేళ్ళు తెల్లబడేంత గట్టిగా నొక్కుతాడు. అడ్డు ఎక్కడ మొదలవుతుందో తెలియనివాడికి అడ్డుకు ఇవతల ఆగడం ఎలా వస్తుంది?

మెయిట్‌లాండ్ చెప్పినదాంట్లో గ్రేడ్ల కంటే నేను గొప్పదనుకునేది ఇంకొకటుంది. అర నిమిషమో నిమిషమో చేసి, ఆపి, మళ్ళీ చూడమన్నాడు. ముందు ఏ కదలిక నొప్పి పెట్టిందో దాన్నే మళ్ళీ చేయించి చూడాలి. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోవట్లేదన్న మనిషికి చెయ్యి రెండంగుళాలు ఎక్కువ పోతోందా? పోతే అదే ఇంకోసారి. పోకపోతే ఇంకోటి. కూర వండే ప్రతి ఇంట్లోనూ జరిగే పనే ఇది. ఉప్పు వేసి, కలిపి, అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూస్తారు. మన విభాగాల్లో మాత్రం పది రోజుల ప్యాకేజీ అని రాసి, పదకొండో రోజున "ఎలా ఉందమ్మా?" అని అడుగుతున్నాం.

ప్యాకేజీ అన్నాను కాబట్టి మిషన్ల గురించి కూడా రెండు మాటలు. మా ఊళ్ళో ఫిజియోథెరపీకి ఇంకో పేరు "కరెంటు పెట్టుడు". "ఎన్ని రోజులు కరెంటు పెట్టాలె సారూ?" అని అడుగుతూనే లోపలికొస్తారు. తర్వాత అడిగేది "బరువులు కడతారా?" అని. అది ట్రాక్షన్, వెన్నును లాగి సాగదీయడం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుంనొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ట్రాక్షన్‌నూ, నడుం బెల్టునూ మామూలుగా వాడవద్దని రాసింది. వ్యాయామం, రోగికి అర్థమయ్యేలా చెప్పడం, చేతులతో చేసే కొన్ని చికిత్సలు పనికొస్తాయంది. అయినా మీ అనుబంధ ఆసుపత్రుల్లో ట్రాక్షన్ మంచం దగ్గరే వరస ఉంటుంది. కారణం నాకూ తెలుసు. ఒక ఫిజియో పూటకు ముప్పైమందిని చూడాల్సివస్తే మిషన్ తగిలించడం తప్ప గతి లేదు. మిషన్‌కు నలుగురిని తగిలించొచ్చు, రెండు చేతులతో ఒక్కణ్ణే చూడగలం. అది యాజమాన్యాలతో తేల్చుకోవాల్సిన గొడవ, ఇంకో ఉత్తరం రాస్తాను. కానీ విద్యార్థి చూసి నేర్చుకునేది ఆ వరసనే అని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు ప్రమాదానికొస్తాను. కాలేజీలో చేతులకు పని దొరకని పిల్లలు బయటికొచ్చాక ఫోన్‌లో వీడియోలు చూస్తున్నారు. మెడ పట్టుకుని ఒక్క తిప్పు, టప్పున చప్పుడు, రోగి మొహంలో ఆశ్చర్యం, కింద లక్షల లైకులు. శని ఆదివారాలు ఏదో హోటల్ హాల్లో కోర్సు, సోమవారం గోడ మీద సర్టిఫికెట్, మంగళవారం ఎవరో ఒకరి మెడ. రెండు రోజుల కోర్సులన్నీ పనికిమాలినవని అనను. నేనూ కొన్నింటికి వెళ్ళాను, మంచివీ ఉన్నాయి. కానీ చెయ్యికి చదువు వచ్చినవాడికే అవి పనికొస్తాయి.

ఆ చప్పుడు మీద మనవాళ్ళకున్న మోజు ఇవాళ్టిది కాదు. మా నాయనమ్మ దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచేది. ఎన్ని విరిగితే అంత దిష్టి పోయినట్టు. మెటిక చప్పుడు కీలులోని ద్రవంలో గ్యాసు బుడగ ఏర్పడడం వల్ల వస్తుందని 2015లో కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్ళు వేళ్ళను ఎమ్మారైలో పెట్టి చూశారు. అమెరికాలో డోనాల్డ్ ఉంగర్ అనే డాక్టర్ అరవై ఏళ్ళకు పైగా ఒక్క ఎడమచేతి మెటికలే విరుచుకుని, రెండు చేతులకూ తేడా ఏమీ లేదని తేల్చి, 2009లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కొట్టేశాడు. చప్పుడు వల్ల హాని లేదు. అయితే వైద్యమూ లేదు. జరిగిన ఎముకేదో చోటులో పడిన చప్పుడని చెప్పడం మాత్రం అబద్ధం.

ఆ అబద్ధం మన క్లినిక్‌లలో రోజూ వినబడుతోంది. "పూస జరిగింది, ఎక్కించాను." 1998లో స్వీడన్‌లో ఒక పరిశోధన జరిగింది. పదిమంది రోగుల కటి ఎముకల్లో చిన్న లోహపు గుళ్ళు పెట్టి, వెన్ను కింద సాక్రోఇలియక్ కీలుకు మానిప్యులేషన్ చేసి, అంటే చేత్తో ఒక్క ఝటకా ఇచ్చి, ముందూ తర్వాతా ఎక్స్‌రేలతో కొలిచారు. చేతి పరీక్షల్లో కీలు బాగుపడినట్టు కనిపించింది. ఎముక స్థానం మాత్రం మారలేదు. మనం చేసేదాని వల్ల నొప్పి తగ్గుతుంది, కండరం బిగుతు వదులుతుంది, కదలడానికి భయం పోతుంది. నరాల వ్యవస్థ ద్వారా జరిగే పని అది, దానికదే చిన్న విషయమేమీ కాదు. కానీ "మీ పూస జరిగింది" అన్నామా, ఆ మనిషి జీవితాంతం తన వెన్ను జారిపోయే వస్తువనుకుని బతుకుతాడు. తుమ్మినా భయమే. "గ్యాప్ వచ్చింది", "గుజ్జు అరిగిపోయింది" అన్న మాటలూ ఈ కోవలోవే. మోకాలి ఎక్స్‌రే చూపించి "గుజ్జు అయిపోయింది" అన్నాక, ఆ పెద్దావిడ నడకే మానేస్తుంది. ఆ మాటలు మనం పుట్టించినవి కాకపోవచ్చు. మీ పిల్లలు మాత్రం అవే వాడుతున్నారు, వాటి బదులు ఏమనాలో ఎవరూ నేర్పలేదు కాబట్టి.

మెడ దగ్గర ఈ చప్పుడు మోజు సరదా కాదు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడలో ఆరో పూస నుంచి పైదాకా పూసల పక్క రంధ్రాల్లోంచే పోతాయి, మొదటి పూస మీద మెలిక తిరిగి లోపలికెళ్తాయి. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకు పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా కళ్ళు తిరిగి, వాంతి వచ్చి, అది స్ట్రోక్ అని తేలిన వార్త మీరూ చదివే ఉంటారు. ఎవరూ ఆమె మెడ విరవలేదు. తల వెనక్కి వాల్చారంతే. ఇంకో సంగతి: ఆ ధమని గోడ చీలడం మొదలైన మనిషికి తొలి లక్షణం మెడనొప్పే కావచ్చు, ఎప్పుడూ లేనట్టి తలనొప్పే కావచ్చు. అంటే అతను నేరుగా మన దగ్గరికే వస్తాడు. కళ్ళు తిరుగుతున్నాయా, ఒకటి రెండుగా కనబడుతోందా, మాట ముద్దగా వస్తోందా, మింగుడు పడుతోందా, ఉన్నట్టుండి కూలబడ్డారా అని అడగకుండా మెడ మీద చెయ్యి వేసేవాడికి నా లెక్కలో ఆ చెయ్యి వేసే హక్కు లేదు. అందుకే నా మొదటి విన్నపం: మెడకు ఝటకా ఇచ్చి తిప్పే పద్ధతులను డిగ్రీ స్థాయిలో చేయించవద్దు. వాటి గురించి చెప్పండి, ప్రమాదాలు చెప్పండి, చెయ్యడం పీజీ తర్వాత పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోమనండి. కంగారేమీ లేదు. కీలును మెల్లగా కదిలించే మొబిలైజేషన్‌తో అవ్వాల్సిన పని చాలావరకు అవుతుంది.

నా రెండో విన్నపం తెలుగు గురించి. ఇది విని కొందరు నవ్వుతారని తెలుసు.

మన పిల్లలు కేస్ షీట్ ఇంగ్లీషులో రాస్తారు. రాయాలి కూడా. కానీ వినడం కూడా ఇంగ్లీషులోనే వింటున్నారు. రోగి ఏమన్నా కాగితం మీద "పెయిన్" అన్న ఒక్క మాటే పడుతోంది. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు. నడుం కలుక్కుమందంటే ఏదో కదలిక దగ్గర ఒక్కసారిగా పట్టిందని. కాలు గుంజుతోందంటే ఒకటి, తిమ్మిరెక్కిందంటే ఒకటి, మొద్దుబారిందంటే ఇంకొకటి. "పిర్ర నుంచి జివ్వుమని మడమదాకా లాగుతోంది" అన్న మనిషి నరం సంగతి చెబుతున్నాడు. "పొద్దున లేస్తే కట్టె అయిపోతా, అరగంట నడిస్తే వదుల్తది" అన్న పాతికేళ్ళ కుర్రాడు తెలియకుండానే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు) అనుమానం మన చేతికిస్తున్నాడు. ఎంత గట్టిగా నొక్కాలో, అసలు నొక్కొచ్చో లేదో నిర్ణయించే సమాచారమంతా ఆ మాటల్లోనే ఉంది. అందులో ప్రతిదాన్నీ "పెయిన్" అని రాసుకున్నాక బొటనవేలికి దారెక్కడ?

ఇది ఎవరినో చూసి అనడం లేదు. నా చేతుల్లో జరిగింది. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడు. నలభై దాటిన ఒకామె వీపు మధ్యలో నొప్పని వచ్చింది. పత్తి ఏరే పని, రోజంతా వంగి ఉంటుంది కాబట్టి కండరాల నొప్పే అనుకున్నాను. వీపులో ఒక పూస దగ్గర నొక్కితే గట్టిగా అరిచింది. "బిగుసుంది" అని రాసుకుని మొబిలైజేషన్ మొదలుపెట్టాను. ఐదు సిటింగులు చేశాను. ఆ ఐదు సిటింగుల్లో ఆమె నాతో మాటల మధ్య అన్నవి ఇవి: "పొద్దుగూకంగనే ఒళ్ళు వెచ్చగయితది సారూ." "బువ్వ తినబుద్ధయితలేదు." ఇంకోరోజు, టేబుల్ మీద నుంచి లేస్తూ, భుజం మీద బట్ట సర్దుకుంటూ, "రైకలన్నీ వదులైనయి."

సాయంత్రం జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం. ఇంగ్లీషులో ఈ మూడూ ఒక వరసలో ప్రశ్నగా వస్తే నిద్రలో లేపినా "వెన్నుపూస టీబీ" అని చెప్పేవాణ్ణి. తెలుగులో, ఒక్కో రోజు ఒక్కోటిగా, రైక రూపంలో వస్తే నాకు వినబడలేదు. నా కేస్ షీట్‌లో జ్వరం: లేదు, బరువు తగ్గడం: లేదు అని ఉంది. మొదటి రోజు "ఫీవర్ ఏమైనా ఉందా?" అని అడిగి ఉంటాను, లేదని ఉంటుంది. ఆరోసారి వచ్చినప్పుడు నడకలో తేడా కనిపించి, అప్పటికి బుద్ధొచ్చి, హైదరాబాద్ పంపాను. ఎమ్మారైలో రెండు పూసలు దెబ్బతిని, మధ్యలో చీము. ఏడాది పైన మందులు వాడింది. నడుస్తోంది. ఇప్పటికీ సంక్రాంతికి సకినాలు పంపుతుంది, నేను చేసిన వైద్యం వల్లే బతికానంటుంది. ఆ సకినాలు నాకు గొంతు దిగవు.

ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మనం చెప్పే మాన్యువల్ థెరపీ పాఠాలు ఆస్ట్రేలియాలో, నార్వేలో, న్యూజిలాండ్‌లో పుట్టినవి. అక్కడి పుస్తకాల్లో ప్రమాద సంకేతాల పట్టికలో టీబీ ఏ మూలనో ఉంటుంది. మనకు అది మొదటి వరసలో ఉండాలి.

తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ అయితే ఆ పట్టికల్లో అసలు ఉండదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి 1937లో తొలిసారి రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. మా నల్గొండ సంగతి దేశమంతా తెలుసు. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టేంత. నదుల నీళ్ళు వచ్చాక పిల్లలు బాగున్నారు. కానీ ఆ బోరునీళ్ళు ముప్పై నలభై ఏళ్ళు తాగినవాళ్ళ వెన్నులు ఇంకా మా టేబుళ్ళ మీదికి వస్తూనే ఉన్నాయి. పూసల మధ్య స్నాయువులు సున్నం పట్టి గట్టిపడిపోతాయి. మెడ తిప్పాలంటే మొత్తం మనిషి తిరగాలి. బొటనవేలితో నొక్కితే బండరాయి మీద నొక్కినట్టుంటుంది. ఏ సాగుడూ ఉండదు. పుస్తకం చదివిన కుర్రాడు దాన్ని "బిగుతు" అనుకుని నాలుగో గ్రేడుకు వెళ్తాడు. లోపల వెన్నుపాము దారి ఎముక పెరిగి ఇరుకైపోయి ఉంటుంది. అక్కడ చెయ్యాల్సింది కాళ్ళ బలం, నడక, పడిపోకుండా చూసుకోవడం. వెన్ను మీద చెయ్యి ఆనించి తెలుసుకోవచ్చు, నెట్టకూడదు. ఈ తేడాను మన ఊళ్ళ కాలేజీలు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

తెలుగులో అడగడానికి పిల్లలకు సిగ్గు కూడా అడ్డొస్తోంది. వెన్ను కింది చివర నరాల గుత్తి నొక్కుకుపోతే గంటల్లో ఆపరేషన్ కావాలి, అందుకని మూత్రం, విరేచనం సంగతి అడగాలి. మా ఇంటర్న్ ఒకడు ఒక పెద్దమ్మను "బ్లాడర్, బవెల్ నార్మలేనా అమ్మా?" అని అడిగాడు. ఆమె మర్యాదగా తల ఊపింది. కుర్రాడు నార్మల్ అని రాసుకున్నాడు. తర్వాత నేను, "అమ్మా, ఒంటికి పోయేటప్పుడు వస్తున్నట్టు తెలుస్తుందా? కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలింది తెలుస్తుందా?" అని అడిగితే అప్పుడు విషయం బయటికొచ్చింది. షుగర్ వల్ల పాతికేళ్ళుగా ఉన్న ఇబ్బందని తేలింది, అదృష్టం. ప్రతిసారీ అదృష్టం ఉండదు. మీ ప్రాక్టికల్ పరీక్షలో ఇరవై మార్కులు దీనికి పెట్టండి. ఇంగ్లీషు రాని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, అచ్చంగా తెలుగులో అడిగించి, ఆ మనిషి చెప్పింది కాగితం మీదికి సరిగ్గా ఎక్కిందో లేదో చూడండి.

తాకడం గురించి కూడా పరీక్షల్లో ఏదీ ఉండదు. మన దగ్గర పరాయి మగవాడు ఆడమనిషి నడుం మీద చెయ్యి వేయడమంటే మాటలా? చాలామంది ఆడవాళ్ళు ఆ ఇబ్బంది వల్లే రెండో సిటింగుకు రారు, నొప్పి తగ్గిందని అబద్ధమాడతారు. ఎక్కడ చెయ్యి వేస్తామో, ఎందుకు వేస్తామో ముందే చెప్పడం, ఇంట్లోవాళ్ళను పక్కన ఉండనివ్వడం, దుప్పటి కప్పి కావాల్సిన చోటు మాత్రమే తియ్యడం, వద్దంటే ఆపడం. నేనైతే ఇవన్నీ మా ఆవిడ చెబితే నేర్చుకున్నాను, కాలేజీలో కాదు.

చేతులు గొప్పవని ఇంత రాశాను కదా అని, చేతులతోనే అంతా అయిపోతుందని నేనంటున్నట్టు అనుకోకండి. న్యూజిలాండ్ ఫిజియో రాబిన్ మెకంజీ కథ మీకు తెలిసిందే. 1956లో వెల్లింగ్టన్‌లో ఆయన దగ్గరికొచ్చిన, కాలుదాకా నొప్పి లాగుతున్న రోగి, అంతకుముందు వేరేవారికోసం తలవైపు ఎత్తి ఉంచిన మంచం మీద పొరపాటున బోర్లా పడుకుని, కాసేపటికి కాలునొప్పి పోయిందన్నాడు. ఎవరూ చెయ్యి వేయకుండానే. రోగి తనంతట తాను చేసుకోగలిగింది ముందు, మన చేతులు తర్వాత అన్న వరస అక్కడి నుంచే వచ్చింది. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో నడుంనొప్పికి చేతి చికిత్సలను వ్యాయామంతో కలిపి ఇస్తేనే ఆలోచించమంది, ఒంటరిగా వద్దంది. కలిపి ఇస్తే ఎంత పనిచేస్తుందో 2020లో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో జరిగిన మోకాళ్ళ పరిశోధన చూపించింది. 156 మంది. సగంమందికి స్టెరాయిడ్ ఇంజెక్షన్, సగంమందికి చేతి చికిత్స, వ్యాయామం. ఏడాది తర్వాత రెండోవాళ్ళకే నొప్పి, ఇబ్బంది తక్కువ. మోకాలు అరిగిందని మన ఊళ్ళో ఏడాదికి మూడు సూదులు వేయించుకునేవాళ్ళకు ఈ మాట చెప్పేవాళ్ళు లేరు. వ్యాయామం కూడా ఆ మనిషి బతుకుకు తగ్గట్టు ఉండాలి. "వంగొద్దు" అని కాగితం రాసిచ్చి పంపుతారు. నాట్లు వేసే మనిషి వంగకుండా ఏం తింటుంది? వంగేందుకు నడుముకు బలమివ్వడం, గంటకోసారి లేచి వెనక్కి వాలమనడం, ముఠాలో పనులు మార్చుకోమనడం, ఇవి చెప్పాలి.

2021లో మనలాంటి ఆరోగ్య వృత్తుల కోసం అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది. 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ ఫిజియోథెరపీకి కొత్త పాఠ్యప్రణాళిక విడుదల చేసింది. అదే ఏడాది పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా లేదా అని మన వాట్సాప్ గ్రూపులు వారాలపాటు కాలిపోయాయి. ఆ గొడవలో నేనూ నాలుగు మెసేజ్‌లు పెట్టాను, ఒప్పుకుంటాను. కొత్త ప్రణాళిక ప్రకారం మీరు టైమ్‌టేబుళ్ళు మార్చుకుంటున్న సమయం కాబట్టి, అందులో వారానికి రెండు గంటలు చేతులకు ఇవ్వండి. ఒకరి వెన్ను మీద ఒకరు నేర్చుకుంటే సరిపోదు. ఇరవై ఏళ్ళ పిల్లలవన్నీ మంచి వెన్నులే, అన్నీ ఒకేలా సాగుతాయి. హాస్టల్లో వంటచేసే ఆవిణ్ణి, గేటు దగ్గర కూర్చునే తాతను, ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా కుర్చీ దిగని క్లర్కును అడిగి పిలవండి, వాళ్ళ సమయానికి డబ్బివ్వండి. ప్రతి విద్యార్థి ఏడాదిలో వంద వెన్నులు తాకి, ఒక్కోదాని గురించి నాలుగు వాక్యాలు రాయాలి. వేలికి తెలిసింది మాత్రమే. మార్కులు వాక్యాలకు వద్దు, మర్నాడు అదే వెన్ను కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలిగాడా లేదా అన్నదానికి ఇవ్వండి. పుస్తకం చూడకుండా.

మీకు రోగులు దొరకడం కష్టమైతే మా టౌన్‌కు పంపండి. ఫ్లోరైడ్ వెన్నున్న ఒక పెద్దమ్మను అడిగాను. "చదువుకునే పోరగాళ్ళకు చూపిస్తవా?" అంటే, "చూస్తె చూడనియ్, నాటుమందులోల్ల లెక్క తొక్కొద్దని చెప్పు" అంది. బస్సు చార్జీలు, చాయ్ నేను చూసుకుంటాను. రెండే టేబుళ్ళు కాబట్టి ఒకసారికి ఆరుగురికంటే పట్టరు. ఆదివారం తప్ప ఏ రోజైనా సరే, పొద్దున తొమ్మిదిలోపు. గోళ్ళు కత్తిరించుకుని రమ్మనండి.

ఇట్లు,
నల్గొండ జిల్లా నుంచి ఒక ఫిజియోథెరపిస్టు